తప్పు నీళ్లది కాదు

సెప్టెంబర్ 3, మంగళవారం

పదేళ్లయింది. అంజయ్య అన్న మాట ఇంకా చెవిలోంచి పోలేదు.

తోడబుట్టినవాడు. నాకన్నా ఆరేళ్లు చిన్న. మా వాకిలికి ఎదురు వాకిలి. రాష్ట్రం వచ్చిన ఏడు దసరాకు ఫిల్టర్ నీళ్ల ప్లాంటు పెట్టాడు. ఊరంతా బిందెలతో నిలబడింది. తమ్ముడి పని కదా అని నేనూ వెళ్లాను. నా బిడ్డ సుజాతను ఎత్తుకుని వెళ్లాను. అప్పుడు దానికి పన్నెండేళ్లు. మోకాలు వాచి అడుగు వేయలేకపోయేది. అంజయ్య మైకు పట్టుకుని నన్నే చూస్తూ అన్నాడు...

"మా అన్నను సూడున్రి. బోరు నీళ్లు తాపి తాపి కన్నబిడ్డ కాళ్లు తనే ఇరగ్గొట్టిండు. మొండోడు. ఇగనన్న నా నీళ్లు తాగుమనున్రి."

జనం నవ్వారు. పిల్లను భుజాన వేసుకుని వెనక్కి తిరిగాను.

ఆనాటి నుంచి వాడి నీళ్లు చుక్క ముట్టలేదు. ఇంటికి నల్లా వచ్చేదాకా సైకిల్‌కు రెండు క్యాన్లు కట్టి పక్క ఊరి నుంచి తెచ్చాను. ఎండకు తెచ్చాను, వానకు తెచ్చాను. నలభై బావులు తవ్విన చేతులు ఇవి. రెండు క్యాన్లు ఒక లెక్కా.

వాడు ఆ మాట వెనక్కి తీసుకోవాలి. ఎక్కడ అన్నాడో అక్కడే. నేను బతికుండగానే.

సెప్టెంబర్ 4

ఈ డైరీ సుజాత తెచ్చి ఇచ్చింది. దానికి పోస్టాఫీసులో ఉద్యోగం. ఊళ్లో పోస్టమ్మ అంటారు. మా వాడలో సర్కారు జీతం తెచ్చిన మొదటి ఆడపిల్ల నా బిడ్డ. నాకు అక్షరాలు నేర్పింది కూడా అదే. "నాయినా, నువ్వు వేలిముద్ర ఏస్తే నా ఇజ్జత్ పోతది" అంది. రెండేళ్లు పట్టింది. ఇప్పుడు ఇదంతా నేనే రాస్తున్నాను. ఒత్తులు తప్పితే తప్పనీ.

సెప్టెంబర్ 9, సోమవారం

సుజాత గుట్ట మీది తండాకు ఉత్తరాలు తీసుకుపోతూ దారిలోనే కూలబడిందట. ఊపిరి అందలేదంది. మేకలు కాసేవాళ్లు నీళ్లు తాగించి పంపారు.

మా ఇంటిది ముత్తమ్మ ఇప్పుడు చెబుతోంది. నెల నుంచి పిల్ల రెండు దిండ్లు పెట్టుకుని పడుకుంటోందని. తల దించితే దగ్గు వస్తోందని. కన్నతల్లి, నెలంతా కడుపులో దాచుకుంది.

"నాకెందుకు సెప్పలే?" అని అరిచాను.

"నీకు సెప్తే నీళ్ల ముచ్చట తీస్తవు నాయినా" అంది సుజాత.

తీయనా మరి? నీళ్లదే. చిన్నప్పుడు ఎముకల్లోకి పోయిన విషం ఇప్పుడు రొమ్ములోకి దిగింది. మా మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు ఏం చేస్తాయో నాకు ఎవరైనా చెప్పాలా. నా పళ్లు చూస్తే చాలు, గోధుమరంగు. మెడ పక్కకు తిరగదు. పత్రికలవాళ్లు వచ్చినా, ఆఫీసర్లు వచ్చినా, సర్పంచ్ నా దగ్గరికే పంపేవాడు. సుజాత మోకాలి మీద నా చెయ్యి పెట్టి ఫోటో తీసి పేపర్లో వేశారు. అది పటం కట్టించి గోడకు పెట్టాను. ఊళ్లో ఎవరి ఫోటో పేపర్లో పడింది ఇంకా?

సెప్టెంబర్ 12, గురువారం

నల్గొండ. పెద్ద దవాఖాన. పటం తువ్వాలలో చుట్టి చంకలో పెట్టుకున్నాను. "దవాఖానకు పటమెందుకు నాయినా, నగుబాటు" అంది సుజాత. ఏ ఆఫీసుకు పోయినా నేను పటంతోనే పోతాను. ఎందుకైనా మంచిది.

చిన్న వయసు డాక్టరమ్మ. వీపు మీద, రొమ్ము మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. కళ్లు మూసుకుని విన్నది. మేము బావి తవ్వేటప్పుడు అడుగున జల ఉందా లేదా అని రాతికి చెవి పెట్టి వినేవాళ్లం. అట్లా.

టీవీ లాంటి మిషన్‌లో గుండె చూపించారు. రేపు చెబుతామన్నారు.

సెప్టెంబర్ 13, శుక్రవారం

నీళ్లు కాదు.

మూడుసార్లు అడిగాను. మూడుసార్లు అదే చెప్పింది. నీళ్లు కాదు.

పటం విప్పి ముందు పెట్టాను. డాక్టరమ్మ అద్దం తుడిచి దగ్గరగా చూసింది.

"ఈ మోకాలు ఎన్ని రోజులల్ల వాచింది తాతా?"

"తెల్లారేసరికి ఉబ్బింది."

"తర్వాత?"

"తగ్గింది. మోచేతికి వచ్చింది. ఆ తర్వాత చీలమండకు."

"చూసినవా. ఫ్లోరైడ్ నొప్పి ఏండ్ల మీద మెల్లగ వస్తది. కీళ్లు బిగుసుకపోతయి. తెల్లారేసరికి ఎర్రగ ఉబ్బదు. ఒక కీలు నుంచి ఇంకో కీలుకు దుంకదు. నీ మెడది నీళ్లు. నీ బిడ్డ మోకాలిది నీళ్లు కాదు."

గొంతునొప్పట. పిల్లలకు గొంతునొప్పి వస్తుంది, జ్వరం వస్తుంది, పోతుంది. కొందరికి రెండు మూడు వారాల తర్వాత కీళ్లు వాస్తాయి. కీళ్ల వాపు కూడా పోతుంది. అంతా పోయిందని మనం అనుకుంటాం. పోయేటప్పుడు అది గుండె వాల్వును కొరికి పోతుంది. పదేళ్లకు ఆ వాల్వు ముడుచుకుని ఇరుకైపోతుంది.

వాల్వు అంటే నాకు తెలుసు. బావిలో పైపు అడుగున ఫుట్‌వాల్వు ఉంటుంది. నీళ్లను పైకి పోనిస్తుంది, కిందికి రానివ్వదు. అది పట్టేస్తే మోటారు ఎంత తిరిగినా పొలానికి నీళ్లు రావు. ఈ మాట చెబితే డాక్టరమ్మ నవ్వింది. "గంతే తాతా. గుండె ఫెయిలంటే గుండె ఆగిపోయిందని కాదు. మోటారు తిరుగుతనే ఉంటది, నీళ్లు పారవు. ఆ నీళ్లు ఎనకకు తన్ని ఊపిరితిత్తులల్ల నిలుస్తయి. అందుకే దగ్గు, అందుకే రెండు దిండ్లు."

నా బిడ్డను నేను కుంటిదాన్ని చేయలేదు. పదేళ్ల తర్వాత సర్కారు దవాఖాన చెప్పింది. అంజయ్యా, విన్నావా?

సెప్టెంబర్ 15, ఆదివారం

ప్లాంటు ముందు నిలబడి గట్టిగా అన్నాను. ఎవరితోనూ కాదు, గాలితో అన్నాను. "నీళ్లు కాదట! పెద్ద డాక్టర్లు చెప్పిన్రు! మైకు పట్టుకుని వాగినోళ్లు ఇప్పుడు మాట్లాడాలె!"

బిందెలవాళ్లు ఆగి చూశారు. అంజయ్య లోపల పైపు కడుగుతున్నాడు. తల ఎత్తలేదు. వాడి మనుమరాలు నందిని గడప మీద కూర్చుని ఉంది. తొమ్మిదేళ్ల పిల్ల. మెడకు తుండుగుడ్డ చుట్టారు. గొంతు పూడిపోయిందట. నన్ను చూసి నవ్వింది, మాట రాలేదు.

ముత్తమ్మ వచ్చి చెయ్యి పట్టి గుంజింది. "బిడ్డకు గుండె ఆపరేషనయ్యా. నువ్వేమో ఇక్కడ బోనాలల్ల పూనకమొచ్చినట్టు ఊగుతున్నవు."

ఊగుతాను. పదేళ్లు ఆగాను.

సెప్టెంబర్ 19, గురువారం

పట్నం దవాఖాన. తొడ దగ్గరి నరంలోంచి సన్నటి బుడగ పంపి వాల్వు వెడల్పు చేస్తారట. రొమ్ము కోయరు. వచ్చే బుధవారం.

ఇక్కడి డాక్టరు మగాయన. కాగితం మీద రాసుకుంటూ అడిగాడు. "చిన్నప్పుడు కీళ్లు వాచినపుడు ఎవరన్న డాక్టరు సూదులు రాసిండా? ఇరవై ఒక్క రోజులకు ఒకటి చొప్పున, ఏండ్ల తరబడి ఏస్తరు. మళ్లీ రాకుంట."

"లేదు సార్. మాకెవరూ సెప్పలే" అన్నాను.

సుజాత నా ముఖం వైపు చూసింది.

సెప్టెంబర్ 20

అబద్ధం చెప్పాను.

సెప్టెంబర్ 21, శనివారం

ఇది ఎక్కడా చెప్పలేదు. ముత్తమ్మకు కూడా సగమే తెలుసు. కాగితానికి చెబుతున్నాను.

ఆ ఏడు దేవరకొండ దవాఖానలో ఒక డాక్టరు చూశాడు. సన్నగా, కళ్లద్దాలు. పిల్ల రొమ్ముకు గొట్టం పెట్టాడు. చీటీ రాశాడు. "ఇరవై ఒక్క రోజులకు ఒక సూది. పెద్దదయ్యేదాక మానొద్దు. కీళ్లు తగ్గినా మానొద్దు. ఇది గుండె కోసం" అన్నాడు. స్పష్టంగా చెప్పాడు. నేను విన్నాను.

రెండు సూదులు వేయించాను. పెద్ద సూది. పిల్ల రెండు రోజులు కూర్చోలేక ఏడ్చింది. అప్పటికే పేపర్లో ఫోటో పడింది. ఊళ్లోకి జీపులు వస్తున్నాయి. అందరూ నన్నే అడుగుతున్నారు, నీళ్ల గురించి చెప్పు యాదయ్యా అని. నీళ్ల జబ్బుకు సూది ఎందుకు? ఆ కళ్లద్దాలాయనకు మా నీళ్ల సంగతి ఏం తెలుసు? మోకాలి వాపు కూడా తగ్గింది. చీటీని మడిచి పటం వెనక అట్టలో దోపాను. మానేశాను.

వచ్చినవాళ్లందరికీ పిల్ల మోకాలు చూపించాను. గుండె ఎవరికీ చూపించలేదు.

చూరుకింద వాన చినుకులు పడుతున్నాయి. ఇంకా రాయలేను.

సెప్టెంబర్ 25, బుధవారం

లోపలికి తీసుకుపోయారు పదిన్నరకు. పన్నెండుకు బయటికి తెచ్చారు.

పెదవులు ఎర్రగా ఉన్నాయి. ఏళ్ల నుంచి ఆ పెదవుల రంగు నీలమని నాకు తెలియనే తెలియదు. ఇప్పుడు ఎర్రగా చూస్తే తెలిసింది.

మొదటి మాట... "నాయినా, ఒక్క దిండు తీసెయ్యి."

ఒక్క దిండు మీద పడుకుంది నా బిడ్డ. చుట్టూ ఉన్నవాళ్లకు చెప్పాను, పోస్టాఫీసు ఉద్యోగం అని. అడగకపోయినా చెప్పాను.

సెప్టెంబర్ 26, గురువారం

డాక్టరు దగ్గరికి నేనే పోయాను. "మొన్న అబద్ధం చెప్పిన సార్. సూదులు రాసిన్రు. నేనే మాన్పించిన" అన్నాను. తిడతాడనుకున్నాను. పెన్ను కింద పెట్టాడు. "మీరు చెప్పింది మంచిదైంది. ఇప్పటి నుంచి మానకండి" అన్నాడు. అంతే. తిడితే బాగుండేది.

తర్వాత నర్సమ్మ నా చేతికి పట్టీ చుట్టింది. బీపీ చాలా ఉందంది. కాళ్ల వాపు ఎన్ని రోజుల నుంచి అని అడిగింది.

"అది నీళ్ల వల్ల" అన్నాను.

"తాతా, నీకన్ని నీళ్లేనా!" వార్డు వార్డంతా నవ్వింది. సుజాత కూడా. పొట్ట పట్టుకుని మరీ నవ్వింది, తొడకు కట్టు ఉందని మరిచిపోయి.

బీడీలు రోజుకు ఎన్ని? కట్ట. పచ్చడి? రోజూ. ఉప్పు? వేసుకుంటాను, మజ్జిగలో కూడా. కల్లు? దొరికితే. నర్సమ్మ వేళ్లు మడుస్తూ పోయింది. "ఈ వార్డుల ఎక్కువమంది వాల్వు పేషెంట్లు కాదు తాతా. బీపీని పట్టించుకోనోళ్లు, షుగరును పట్టించుకోనోళ్లు, పొగ తాగినోళ్లు. ఒకపారి గుండెపోటు వచ్చినంక కూడ గోళీలు మానినోళ్లు. నీ బిడ్డకు తెల్వక వచ్చింది. నీకు తెలిసి వస్తాంది."

ఎక్కువ ఎత్తుకు తోడి తోడి మోటారు వేడెక్కినట్టు, బీపీకి ఎదురు కొట్టి కొట్టి గుండె అలసిపోతుందట. నాకు అర్థమైంది. మోటారు భాషలో చెబితే నాకు ఏదైనా అర్థమవుతుంది.

బీడీకట్ట వార్డు కిటికీలోంచి పారేశాను. కింద ఉన్నాయన తిట్టాడు.

సెప్టెంబర్ 29, ఆదివారం

బీడీ లేక మూడో రోజు. ముత్తమ్మ మీద అరిచాను, కోడి మీద అరిచాను. అయినా ముట్టలేదు. నలభై ఏళ్ల అలవాటు. ఎవరికి సాధ్యం?

సుజాతకు నిన్న సూది వేయించి ఇల్లు చేరాం. వాకిట్లో గోడ మీద బొగ్గుతో ఇరవై ఒక్క గీతలు గీశాను. రోజుకొకటి తుడుస్తాను. అక్టోబర్ 19న మళ్లీ.

అక్టోబర్ 8, మంగళవారం

బతుకమ్మ ఆడుతున్నారు. సుజాత కూడా రెండు చుట్లు తిరిగింది, నేను వద్దన్నా. ఆయాసం లేదు. అరుగు మీద కూర్చుని చూశాను. నా బిడ్డ తిరుగుతుంటే ఊరంతా నా చుట్టూ తిరిగినట్టుంది.

నందిని ఆడలేదు. తంగేడు పువ్వు ఒళ్లో పెట్టుకుని మా అరుగు చివర కూర్చుంది. పిల్లలు పిలిస్తే తల అడ్డంగా ఊపింది.

"ఎందుకు పోవు బిడ్డా?"

"మోకాలు నొస్తది తాతా."

పావడా పైకి జరిపింది. ఎర్రగా, నున్నగా, ఉబ్బి ఉంది.

ఆ మోకాలు నేను పదేళ్లు గోడకు పెట్టుకుని చూశాను.

అక్టోబర్ 9, బుధవారం

పొద్దున నందిని తల్లి రేణుక నల్లా దగ్గర కలిసింది. అంజయ్య కోడలు. "మోకాలు తగ్గింది పెద్దమామా. రాత్రి నుంచి మోచెయ్యి అంటాంది" అంది. సంతోషంగా చెప్పింది, తగ్గిందని.

గొంతు ఎప్పుడు పూడింది? నేను ప్లాంటు ముందు అరిచిన రోజు. వేళ్ల మీద లెక్కపెట్టాను. మూడు వారాలు దాటింది.

గల్లీ దాటాను. పదేళ్లలో మొదటిసారి వాడి గడప తొక్కాను. అంజయ్య మంచం మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. లేచి నిలబడలేదు.

"పిల్లను దవాఖానకు తీస్కపో అంజయ్యా. గుండె సూపియ్యి."

"పదేండ్లకు గడప తొక్కినవు. నా మనుమరాలికి గుండె జబ్బని సెప్పనీకి వచ్చినవా?"

"మోకాలు ఉబ్బింది, మోచేతికి దుంకింది. సుజాతకు గిట్లనే అయింది."

"సుజాతది నీళ్ల రోగం. మా ఇంట్ల పుట్టినకాంచి ఫిల్టర్ నీళ్లే. గా రోగం నా ఇంటికెందుకొస్తది? పోరి ఆడుకుంట పడ్డది."

"నీళ్లు కాదురా. డాక్టర్లు..."

"నీళ్లు నీళ్లని ఊరంత తిప్పింది ఎవలు? పేపర్ల ఏయించింది ఎవలు? జీపులల్ల వచ్చినోళ్లకు బిడ్డ మోకాలు సూపిచ్చింది ఎవలు? ఇప్పుడు నా మీద గెలవనీకి కాదంటున్నవు. మొన్న నా ప్లాంటు ముందర లొల్లి జేస్తివి, ఇయ్యాల ఇంట్లకే వచ్చినవు."

ఊరికి నేను నేర్పిన పాఠమే వాడు నాకు అప్పజెప్పాడు.

తిరిగి వచ్చాను. చెప్పులు అక్కడే మరిచాను. రేణుక తెచ్చి ఇచ్చింది.

అక్టోబర్ 10

సుజాత వెళ్లి చెప్పింది. "చిన్నాయిన నా మాట కూడ ఇనలే. పండగ కానీ, సూద్దాం అంటుండు." రేణుక మొగుడు లారీ మీద పోయాడు, వారం దాకా రాడు. మామ మాట దాటి బయలుదేరే ధైర్యం రేణుకకు లేదు.

పండగ కానీ అట. కీళ్లు తగ్గితే ఇక ఎవరూ పోరు. నేను పోలేదు కదా.

అక్టోబర్ 12, శనివారం. దసరా

జమ్మి చెట్టు దగ్గర ఊరంతా ఆకు పంచుకుంది. చిన్నవాళ్లు వచ్చి పెద్దవాళ్ల చేతిలో బంగారం అని జమ్మి ఆకు పెట్టి కాళ్లు మొక్కుతారు. ఏ కోపమున్నా ఆ రోజు కలుస్తారు. పదేళ్ల నుంచి అంజయ్య నా చేతిలో ఆకు పెట్టలేదు. ఈసారీ రాలేదు. నేను వాకిట్లో తెల్ల రుమాలు కట్టుకుని కూర్చున్నాను. రాకపోయినా కూర్చుంటాను ఏటా. పెద్దవాణ్ణి.

దీపాలు పెట్టేవేళకు నందిని వచ్చింది. ఒక్కతే. గల్లీ ఎంత? పది అడుగులు. మధ్యలో ఒకసారి ఆగింది, మా గోడ పట్టుకుని.

"తాతా, బంగారం."

ఎడమ చేత్తో ఇచ్చింది. కుడి మణికట్టు ఉబ్బి ఉంది. అరచెయ్యి వేడిగా ఉంది. ఊపిరి కొట్టుకుంటోంది.

"ఎందుకాగినవు బిడ్డా?"

"దమ్మొచ్చింది."

దాని తల మీద చెయ్యి పెట్టాను. ఆకు ఇదిగో, ఈ పేజీలోనే పెట్టాను.

అక్టోబర్ 14, సోమవారం

పొద్దున లేవగానే గోడకున్న పటం దించాను. మేకులు పీకాను. వెనక అట్ట తీశాను. చీటీ అక్కడే ఉంది. పచ్చబడింది. కళ్లద్దాలాయన రాత నాకు చదవరాదు. సుజాత చదివింది. తారీఖు, దాని పేరు, సూది పేరు, ఇరవై ఒక్క రోజులు. కింద గీత గీసి మానరాదు అని తెలుగులో రాశాడు. నాలాంటివాడి కోసమే రాసి ఉంటాడు. అప్పుడు నాకు అక్షరం రాదు.

సుజాత చాలాసేపు చూసింది. "గిది ఇన్నేండ్లు నా ఫోటో ఎనకనే ఉన్నదా నాయినా?"

ఉంది అన్నాను.

"మంచిది. పారెయ్యలే" అంది. లేచి చాయ్ పెట్టడానికి పోయింది. నా బిడ్డ అది. అట్లాంటి గుండె ఎవరికి ఉంటుంది?

ఉత్తరం రాశాను. పొద్దంతా పట్టింది. మూడు కాగితాలు చింపాను. నాలుగోది ఇది. గుర్తుకు ఇక్కడ ఎక్కించుకుంటున్నాను.

"తమ్ముడు అంజయ్యకు అన్న యాదయ్య రాయునది. నువ్వు మైకులో అన్న మాట తప్పు. నా బిడ్డది నీళ్ల జబ్బు కాదు. నేను చేసింది ఇంకా పెద్ద తప్పు. డాక్టరు సూదులు రాస్తే నేను మాన్పించాను. నాకు అన్నీ తెలుసు అనుకున్నాను. ఆ చీటీ పెడుతున్నాను, చదివించుకో. ఫోటో పెడుతున్నాను. ఆ మోకాలు చూడు, నందిని మోకాలు చూడు. నీ ఫిల్టర్ మంచిదే. గొంతునొప్పిని అది ఆపదు. బుధవారం ఏడు గంటల బస్సుకు పిల్లను నల్గొండ తీసుకురా. నేనూ వస్తాను. ఆ డాక్టరమ్మ నాకు ఎరుక. నీ మాట వెనక్కి తీసుకునే సంగతి తర్వాత చూసుకుందాం. వదిలేశాననుకోకు. పిల్ల ముందు."

కవర్ మీద స్టాంపు వేయమన్నాను. సుజాత నవ్వింది. "నాయినా, గల్లీ అవతలికిపోయే ఉత్తరం నల్గొండ పోయి రావాలె. మూడు రోజులు పడ్తది. ఇటియ్యి, నేనే చేతిల పెడ్త."

"పోస్టమ్మ లెక్కనే ఇయ్యాలె. సంచి ఏసుకుని పోవాలె. నా బిడ్డ లెక్క కాదు."

"సరే సర్కారు" అంది.

రేపు పొద్దున్నే ఇస్తానంది.

అక్టోబర్ 15, మంగళవారం

ఇచ్చింది. సంచి వేసుకునే వెళ్లింది. నేను తలుపు సందులోంచి చూశాను. సుజాత లోపలికి పోయింది కాబట్టి మాటలు వినబడలేదు. సుజాత వచ్చి చెప్పింది.

కవర్ తిప్పి తిప్పి చూశాడట.

"ఎవలు రాసిచ్చిన్రు?"

"నాయినే రాసిండు చిన్నాయినా."

"వానికి రాయొస్తదా?"

"నాలుగు పేజీలు రాస్తడు."

నాలుగు ఎక్కడివి, ఒకటే. అయినా బాగా చెప్పింది.

కవర్ చింపి ముందు ఫోటో తీశాడట. నందినిని పిలిచాడట. పిల్లను పక్కన నిలబెట్టి ఫోటో చూశాడు, మోకాలు చూశాడు. మణికట్టు పట్టి చూశాడు. కాగితం చదవలేదు. కళ్లద్దాలు ఏవి అని రేణుకను అడిగాడట. దొరకలేదట. మడిచి జేబులో పెట్టుకుని ప్లాంటుకు వెళ్లిపోయాడు.

పొద్దు వాలింది. ప్లాంటు దగ్గర బిందెలు అయిపోయాయి. వాడు ఇంకా ఇంటికి రాలేదు. ముత్తమ్మ అన్నం వడ్డించి పిలుస్తోంది. ఉప్పు తక్కువ వేసిందట, తెలుస్తూనే ఉంటుంది.

తెల్ల ధోతి ఉతికి ఆరేశాను. తువ్వాల సిద్ధం. ఈసారి చంకలో పటం లేదు. గోడ మీద దాని చోటు తెల్లగా, నాలుగు మూలలుగా కనబడుతోంది.

నేను నా తప్పు రాసి ఇచ్చాను. వాడికన్నా ముందు రాసి ఇచ్చాను. అందులో కూడా నేనే పెద్దవాణ్ణి.

ఇప్పుడు వాడి వంతు. జవాబు కాగితం మీద వద్దు, మనిషితో పంపొద్దు. ఎదురు వాకిలే కదా. నిలబడి నోటితో చెప్పాలి, వస్తానో రానో. రాను అంటే పిల్లను నేనే ఎత్తుకుంటాను. మోయగలను. పదేళ్ల కింద ఒకసారి వాడి ప్లాంటు నుంచి ఒక పిల్లను మోసుకొచ్చాను, తప్పు దిక్కుకు మోసుకొచ్చాను. ఈసారి బస్సు దిక్కుకే.

రేపు బుధవారం. ఏడు గంటల లోపల, అంజయ్యా. ఏడు దాటితే నేను ఆగను. చెప్పు.